ఖాళీ పికప్‌కి టైర్లలో ఎంత గాలి? క్యాట్ స్కేల్ కాటా మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తా, ఐదుకి నాలుగున్నర. అమెరికాలో ముప్పావు టన్ను, ఒక టన్ను అని పిలిచే పెద్ద పికప్‌లు ఉన్నవాళ్ళు ట్రైలర్ లేని రోజుల్లో టైర్లలో ఎంత గాలి ఉంచాలా అని తల పట్టుకుంటుంటే, కొత్త షాక్ అబ్జార్బర్లకో ఖరీదైన టైర్లకో డబ్బు పెట్టేముందు హైవే పక్కన ట్రక్ స్టాప్‌కి వెళ్ళి క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) మీద బండిని కాటా వేయించండి. 15 డాలర్ల చుట్టుపక్కల అవుతుంది. ఇంతకంటే పనికొచ్చే ఖర్చు ఈ విషయంలో నాకైతే కనిపించలేదు.

మేముండేది డల్లాస్ దగ్గర, మాది డీజిల్ క్రూ క్యాబ్ (వెనక సీటు కూడా ఉన్న నాలుగు తలుపుల) పికప్. డోర్ దగ్గర స్టిక్కర్ మీద ముందు టైర్లకి 60, వెనక 80 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) అని ఉంటుంది. ఆ 80 అనేది వెనక ఇరుసు మీద పూర్తి లోడు పడినప్పటి లెక్క. బెడ్ (వెనక సామాను వేసే భాగం) ఖాళీగా ఉన్నప్పుడు కూడా అంతే ఉంచితే కాంక్రీట్ హైవే జాయింట్ల మీద వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వెనక సీట్లో ఉంటే వాళ్ళ నడుం సంగతి చెప్పక్కర్లేదు, వానలో సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు చక్రాలు జారతాయి, పైగా టైరు మధ్యలో త్వరగా అరుగుతుంది. మన ఊళ్ళ దగ్గర రోడ్డు పక్క పంక్చర్ షాపులో అయితే గాలి కొట్టేముందే "లోడా, ఖాళీయా?" అని అడుగుతారు. ఇక్కడ టైర్ షాపుకి వెళ్తే స్టిక్కర్ మీద ఉన్న నంబరే కొట్టి పంపిస్తారు. వాళ్ళ బాధ్యత వాళ్ళది, అందులో తప్పేం లేదు, కానీ మన బండి బరువు మనమే తెలుసుకోవాలి.

తూకం వేయించడం చాలా తేలిక. కాటాలో మూడు పలకలుంటాయి. ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద ఉండేలా ఆపాలి, ట్రైలర్ ఉంటే దాని ఇరుసులు మూడో దాని మీదికి వస్తాయి. పక్కన స్పీకర్ బటన్ ఉంటుంది కానీ అది పెద్ద లారీ డ్రైవర్ల ఎత్తుకి పెట్టింది, పికప్‌లోంచి చెయ్యి అందదు. అందుకని వాళ్ళ ఫోన్ యాప్ ముందే పెట్టుకుని వెళ్ళండి, డబ్బు కట్టడం, చీటీ రావడం అన్నీ అందులోనే అయిపోతాయి. వీళ్ళ తూకం మీద నమ్మకం ఎందుకంటే, వీళ్ళ దగ్గర సరిగ్గా ఉందని తేలిన లారీకి తర్వాత అధిక బరువు ఫైన్ పడితే, తమ కాటాలో తప్పుంటే ఆ ఫైన్ తామే కడతామని గ్యారంటీ ఇస్తారు.

ఇక అసలు లెక్క. మా చీటీలో ముందు ఇరుసు 4,480 పౌండ్లు, వెనక 2,940 వచ్చింది. అంటే వెనక ఒక్కో టైరు మీద 1,470. మా టైర్ల సైజు ఎల్‌టీ 275/70ఆర్18, లోడ్ రేంజ్ ఈ, అంటే ఎక్కువ బరువు మోసే రకం. 80 పీఎస్‌ఐ దగ్గర ఒక్కోటి 3,640 పౌండ్లు మోస్తుంది, టైర్ల కంపెనీలు ఇచ్చే లోడ్ పట్టిక చూస్తే 35 దగ్గర కూడా సుమారు రెండు వేలు మోస్తుంది. సగం బరువు కూడా లేనిదానికి 80 ఎందుకు కొడుతున్నామో చూడండి! ముందు వైపు మాత్రం డీజిల్ ఇంజన్ బరువు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అక్కడ 60 అలాగే ఉంచాను, దాన్ని తగ్గించమని ఎవరికీ చెప్పను.

మరి వెనక 40కి దించేయొచ్చా? నేను దించలేదు, 65 దగ్గర ఆగాను. స్టిక్కర్ నంబరు కంటే 25 శాతం తగ్గేసరికి టైర్లో గాలి తక్కువైందని చెప్పే వార్నింగ్ లైటు వెలగాలన్నది ఇక్కడి రూలు. మా బండికి అది 60. ఎప్పుడూ లైటు వెలిగే ఉంటే నిజంగా మేకు దిగిన రోజున ఎలా తెలుస్తుంది? ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్ల మీద ఫైర్‌స్టోన్ టైర్ల పొరలు ఊడి మనుషులు చనిపోయాక 2000లో వచ్చిన చట్టం వల్లే ఈ లైటు తప్పనిసరి అయింది, దాన్ని పట్టించుకోకుండా తిరగడం నాకు ఇష్టం లేదు. రామ్ కంపెనీ హెవీ డ్యూటీ పికప్‌లు కొన్నిటిలో లైట్ లోడ్ (తక్కువ బరువు) అని సెట్టింగ్ ఉంటుంది, అది ఉన్నవాళ్ళు కంపెనీ చెప్పినంత వరకు దించుకోవచ్చు. 65తోనే తేడా బాగా తెలిసింది, ముఖ్యంగా వంతెనలు ఎక్కి దిగేచోట.

గాలి చూసేది మాత్రం బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాకే, ఎండ పడని వైపు ఉదయం పూట. ఈ ప్రెషర్ల దగ్గర పది ఫారెన్‌హీట్ డిగ్రీలు మారితే ఒకటిన్నర నుంచి రెండు పీఎస్‌ఐ మారుతుంది, టెక్సస్‌లో చలిగాలి దిగిన రోజు అది చిన్న తేడా కాదు.

అర మార్కు ఎందుకు తీశానంటే, చీటీలో ఇరుసు బరువే వస్తుంది, ఎడమ కుడి విడిగా రాదు. ఒక వైపు టూల్ బాక్స్ ఉన్నవాళ్ళు రెండుతో భాగించి వచ్చిన దానికి కొంచెం కలుపుకోవాలి.

సాయంత్రం వేళ వెళ్ళకండి, లారీలు వరసగా ఉంటాయి, వాళ్ళకది డ్యూటీ టైము. ఆదివారం పొద్దున్నే వెళ్తే ఖాళీగా ఉంటుంది. ట్రైలర్ ఉన్నవాళ్ళు అదే రోజు దాన్ని తగిలించుకుని మళ్ళీ తూయించండి, 24 గంటల్లోపు అదే కాటా దగ్గర రెండోసారికి చాలా తక్కువ తీసుకుంటారు. అయితే ట్రైలర్ తగిలించే ముందు వెనక టైర్లు మళ్ళీ 80కి ఎక్కించాలి, చిన్న సిగరెట్ సాకెట్ పంపులు అంత పెద్ద టైర్లకి వేడెక్కి ఆగిపోతాయి, బ్యాటరీకి క్లిప్పులు తగిలించే రకం పంపు కొనుక్కోండి.