ఫోటో చూసి గీయాలా, ఎదురుగా పెట్టుకుని గీయాలా?

గురువు లేకుండా బొమ్మలు నేర్చుకునేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. శ్రీకాకుళంలో ఇంట్లో కూర్చుని నేర్చుకున్నవాడిగా నా మొగ్గు రెండోదాని వైపు.

ఫోటోతో సౌకర్యం ఉంది. కదలదు, వెలుగు మారదు, పని ముగించుకుని రాత్రి పదింటికైనా గీయవచ్చు. ఫోటో మీదా కాగితం మీదా గళ్ళు కొట్టుకుని గీస్తే పోలిక కూడా బాగా వస్తుంది. నేను రెండేళ్ళు అలాగే గీశాను, చూసినవాళ్ళు మెచ్చుకున్నారు. ఒకరోజు బియ్యం చెరుగుతున్న అమ్మను గీద్దామని కూర్చుంటే చేతిలోని చేట కూడా కుదరలేదు. లోతును చదును చేసే పని అన్నాళ్ళూ కెమెరాయే చేసిపెట్టింది. నా కన్ను ఆ పని నేర్చుకోనే లేదు. ఇంకో చిక్కు: ఫోను దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. చెప్పేవారు లేనప్పుడు ఆ తప్పునూ నిజమనుకుని గీసేస్తాం.

ఇక ఇంట్లోని ఇత్తడి చెంబును నేలమీద పెట్టి చూడండి. మూతి గుండ్రనిదని తెలుసు, కానీ కంటికి అది కోలగా కనిపిస్తుంది. అడుగు నేలకు ఆనుకుని ఉందని తెలుసు కనుక చాలామంది అక్కడ సూటి గీత గీస్తారు. నిజానికి కంటి ఎత్తునుంచి కిందికి పోయేకొద్దీ ఆ కోల ఇంకా విప్పారుతుంది, అందుకే అడుగు గీత మూతి కంటే ఎక్కువ వంగాలి. మన బొమ్మలో చెంబు ఒరిగిపోయినట్టుంటే తప్పెక్కడో ఆ చెంబే చూపిస్తుంది. చేయి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, చెంబు ఎత్తునూ వెడల్పునూ పెన్సిలు మీద బొటనవేలితో కొలిచి చూస్తే చాలు. ఫోటో ఇంత ఓపికగా దిద్దదు.

వీడియోల సంగతి క్లుప్తంగా చెబుతాను. పెన్సిలు పట్టు, 2బీ పెన్సిలుకూ అంతకంటే మెత్తని 6బీకీ తేడా, నీడ వేసే తీరు తెలుసుకోవడానికి అవి మంచివే. అయితే అవి మన కాగితాన్ని చూడలేవు.

మనుషులు కదులుతారు, ఫోటో లోతు నేర్పదు. ఈ రెండింటికీ మధ్య మనకు శ్రీకాకుళం జిల్లాలోనే శ్రీముఖలింగం ఉంది. వంశధార ఒడ్డున తూర్పు గాంగ రాజుల కాలపు ఆలయాల గోడలమీది శిల్పాలు కదలవు, వాటికి నిజమైన లోతు ఉంది, పైగా ముడతలూ మడతలూ ఏవి ఉంచాలో ఏవి వదిలేయాలో శిల్పి ముందే తేల్చిపెట్టాడు. యూరప్ చిత్రకళా పాఠశాలల్లో మనిషిని గీయనిచ్చే ముందు ప్లాస్టర్ విగ్రహాలు గీయించింది ఇందుకే. ఆ చదువు మనకు బస్సు ప్రయాణమంత దూరంలో ఉంది.

వెళ్ళేవారు ఉదయమే వెళ్ళండి. ఎండ పక్కగా తగిలే గోడను ఎంచుకుని, ముఖాన్ని వదిలేసి ఒక్క చేతినో పాదాన్నో గీయండి. నీడ జరిగిపోయేలోగా దాని హద్దును ముందుగా గీసిపెట్టుకోండి. మిగతాది తీరిగ్గా చేసుకోవచ్చు.