గేర్ స్విచ్ మీద అనుమానమా? కొత్తది వేయడం, స్కానర్ పెట్టడం, మీటర్ పట్టడం: ఏది మేలు?

చెన్నై కోడంబాక్కంలో ఉండే మా బావగారిది పాత జర్మన్ కారు, ఆటోమేటిక్. నవంబర్ వానలప్పుడు మొదలైంది. పి (పార్క్) లో పెట్టి తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేదు, ఎన్ (న్యూట్రల్) లోకి లాగితే స్టార్టవుతుంది. గేర్ స్విచ్ అంటే లివర్ ఏ స్థానంలో ఉందో చూసి, పి, ఎన్ లలో మాత్రమే స్టార్టర్‌ను పనిచేయనిచ్చే స్విచ్. మెకానిక్ చూసీ చూడగానే "స్విచ్ పోయింది సార్" అని కొత్తది వేశాడు. రెండు వారాలకు మళ్లీ అదే టెన్షన్. తీరా చూస్తే, లివర్ నుంచి గేర్‌బాక్స్‌కు వెళ్లే రాడ్డు చివర ప్లాస్టిక్ బుష్ అరిగిపోయింది. పైన లివర్ పి చూపిస్తున్నా కింద గేర్‌బాక్స్ పూర్తిగా పి లోకి వెళ్లడం లేదు. పాత స్విచ్‌కి ఏమీ కాలేదు.

అందుకే, కొలవకుండా ముందే స్విచ్ మార్చేయడం నాకు అస్సలు నచ్చదు.

స్కానర్, అంటే కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే పరికరం, సంగతి వేరు. పీ0705 కోడ్ వస్తే లివర్ స్థానం తెలిపే సర్క్యూట్‌లో లోపం ఉందని అర్థం. అది స్విచ్చా, వైరా, ప్లగ్గులో చేరిన నీళ్లా అన్నది మాత్రం కోడ్ చెప్పదు. లివర్ కదుపుతుంటే తెర మీద పి, ఆర్ (రివర్స్), ఎన్, డి (డ్రైవ్) వరసగా మారుతున్నాయో లేదో చూపే స్కానర్ అయితేనే ఉపయోగం. చవక రకాలు చాలావరకు ఇంజిన్ కోడ్‌లతోనే ఆగిపోతాయి.

నా ఓటు వోల్టులు, ఓమ్‌లు కొలిచే మల్టీమీటర్‌కే. ముందు బ్యాటరీ చూడండి. నిండుగా ఉంటే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. తర్వాత హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, స్విచ్ ప్లగ్గు విప్పండి. స్టార్టర్‌కు వెళ్లే రెండు పిన్నుల మధ్య పి, ఎన్ లలో దాదాపు సున్నా ఓమ్‌లు రావాలి, ఆర్, డి లలో కనెక్షన్ తెగిపోవాలి. పి లో రాకపోతే కారు కింద గేర్‌బాక్స్ షాఫ్ట్‌ను చేత్తో చివరిదాకా తోసి మళ్లీ కొలవండి. అప్పుడు వస్తే తప్పు రాడ్డుదో బుష్‌దో. అప్పటికీ రాకపోతే స్విచ్‌నే అనుమానించాలి. బావగారి కారులో ఈ పరీక్షకు పది నిమిషాలు కూడా పట్టలేదు.

కారు స్టార్టయినా లివర్ పి నుంచి కదలకపోతే, ముందు బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయో చూడండి. చాలా కార్లలో బ్రేక్ స్విచ్ పోతే లివర్ లాక్ విడవదు.

మెర్సిడెస్ 722.6 గేర్‌బాక్స్ ఉన్నవాళ్లకు మాత్రం ముందు స్కానరే మేలు. అందులో స్టార్టర్‌ను ఆపే ఆ స్విచ్ కాంటాక్ట్ గేర్‌బాక్స్ లోపల కండక్టర్ ప్లేట్ (సెన్సార్లు అమర్చిన పలక) మీద ఉంటుంది. ఆయిల్ దించకుండా చెయ్యి పెట్టలేం. దించే ముందు గేర్‌బాక్స్ ప్లగ్గులో ఆయిల్ చెమ్మ ఉందేమో చూడండి. ఆ ఆయిల్ వైర్ల వెంట గేర్‌బాక్స్ కంప్యూటర్ దాకా పాకుతుంది.

స్విచ్ వైర్లు రెండూ కలిపేసి (షార్ట్ చేసి) నడిపిస్తామనేవాళ్ల మాట దయచేసి వినకండి. లివర్ డి లో ఉండగా స్టార్టయితే కారు ముందుకు దూకుతుంది, ఎదురుగా పిల్లలు ఉండొచ్చు.

పాత స్విచ్ కోసం చెన్నైలోని పాత కారు విడిభాగాల అంగళ్లుండే పుదుపేట్టై వెళ్తే మీటర్ వెంట తీసుకెళ్లండి. అంగట్లోనే తిప్పి, పి లోనూ ఎన్ లోనూ కొలిచి చూశాకే డబ్బులివ్వండి.