సఫ్దర్‌జంగ్ రోడ్డులో ఇందిర ఇల్లు, తీస్ జనవరి మార్గ్‌లో బాపూ గది

నాయకుల నివాసాలను స్మారకాలుగా మార్చిన చోట్లు ఢిల్లీలో చాలానే ఉన్నప్పటికీ, ఒక్క పూటలో నడుచుకుంటూ చూసి రాగలిగినంత దగ్గరగా ఉన్నవి సఫ్దర్‌జంగ్ రోడ్డు ఒకటో నంబరులోని ఇందిరాగాంధీ స్మారక మ్యూజియం, తీస్ జనవరి మార్గ్‌లోని గాంధీ స్మృతి. రెండింటికీ ప్రవేశ రుసుము లేదు, రెండూ సోమవారాలు మూసి ఉంటాయి. ఇద్దరూ ఆయా ఇళ్ల ఆవరణలోనే తుపాకీ గుళ్లకు బలయ్యారు. ఇన్ని పోలికలున్నా ఆ మరణాన్ని చూపడంలో ఒక ఇంటికీ మరో ఇంటికీ చాలా తేడా ఉంది.

దేశాన్ని అంతకాలం ఏలిన మనిషి ఇల్లంటే పెద్ద భవనాన్ని ఊహించుకుని వెళ్లేవారికి సఫ్దర్‌జంగ్ రోడ్డులోని తెల్లని బంగళా కొంత ఆశ్చర్యం కలిగిస్తుంది. లోపలి గదులు ఓ మోస్తరువే. ముందు భాగంలో పత్రికల కత్తిరింపులు, బాల్యం నుంచి చివరి రోజుల వరకు ఛాయాచిత్రాలు వరుసగా ఉంటాయి. జనం అన్నిటికంటే ఎక్కువగా గుమిగూడేది మాత్రం 1984 అక్టోబరు 31 ఉదయం ఆమె కట్టుకున్న చీర ఎదుట. గుళ్లు దూసుకుపోయిన రంధ్రాలు, నెత్తుటి మరకలు ఉన్న ఆ చీరను, చెప్పులను, సంచీని అలాగే అద్దాల వెనుక భద్రపరిచారు. 1991 మే 21న శ్రీపెరంబుదూరులో మరణించిన రాజీవ్‌గాంధీ దుస్తుల పీలికలు, బూట్లు కూడా ఈ ఇంట్లోనే ఉన్నాయి.

నా అభిప్రాయంలో ఈ ఇంటి అసలు విలువ ఆ అద్దాల పెట్టెల్లో కాదు, గాజు పలకల అవతలి నుంచి మాత్రమే చూడనిచ్చే చదువుకునే గదిలోను, అతిథుల గదిలోను ఉంది. గోడల నిండా పుస్తకాలు, ఆడంబరం లేని కుర్చీలు, పొందికైన అలంకరణ చూస్తే ఆమె అభిరుచి ఎలాంటిదో తెలుస్తుంది. బడి పిల్లల బృందాలు, యాత్రికుల బస్సులు వచ్చిన సమయంలో వెనుకనున్నవారి తొందరకు వరుస ఆగదు కాబట్టి, గదులను నిదానంగా చూడదలచినవారు మొదట్లోని ఫోటోల దగ్గర ఎక్కువసేపు నిలవకపోవడం మంచిది. మరణించే నాటికి ఆమె లోక్‌సభలో మన మెదక్ సభ్యురాలు. 1980లో రాయ్‌బరేలీ, మెదక్ రెండూ గెలిచి మెదక్‌ను ఉంచుకున్న సంగతి తెలిసిన తెలుగువారికి ఈ ఇల్లు కొంచెం దగ్గరగా అనిపిస్తుంది. అయితే ఇది ఆమె స్మృతికై నిలిపిన చోటు గనుక, ఎమర్జెన్సీ గురించి లోతైన విమర్శను ఇక్కడ ఆశించకూడదు.

తోటలో ఆమె చివరిసారి నడిచిన దారిని స్ఫటికపు పలకలతో కప్పారు. నటుడు పీటర్ ఉస్తినోవ్ బృందానికి ఇంటర్వ్యూ ఇవ్వడానికి పక్కనే ఉన్న అక్బర్ రోడ్డు కార్యాలయం వైపు వెళుతుండగా, సొంత అంగరక్షకులే ఈ దారిలో ఆమెను కాల్చారు. ఆమె కూలిన చోటును ప్రత్యేకంగా గుర్తించి ఉంచారు. ఎంత మాట్లాడుకుంటూ వచ్చిన గుంపైనా ఇక్కడ కాస్త నెమ్మదిస్తుంది.

గాంధీ స్మృతి నిజానికి గాంధీజీ ఇల్లు కాదు, బిర్లాల భవనం. 1947 సెప్టెంబరు 9 నుంచి 1948 జనవరి 30 వరకు, 144 రోజులు ఆయన ఇక్కడ అతిథిగా ఉన్నారు. అంతటి భవనంలో ఆయన వాడుకున్న గదిలో కనిపించేది నేలమీది పరుపు, రాట్నం, చేతికర్ర వంటి కొద్దిపాటి వస్తువులే. మతసామరస్యం కోసం జనవరి 13న మొదలుపెట్టిన ఆఖరి నిరాహారదీక్షను 18న విరమించినదీ, 20న ప్రార్థన వేళ బాంబు పేలినా మరునాడు ప్రార్థన మానకపోయినదీ ఈ ఆవరణలోనే. ఆ గది నుంచి ప్రార్థనాస్థలి వరకు ఆయన ఆఖరి అడుగులను పాదముద్రలుగా మలిచారు. పచ్చిక మధ్య నుంచి వాటి వెంట నడిచే వీలుండటం వల్ల, ఇక్కడ చూపరి కేవలం ప్రేక్షకుడిగా మిగిలిపోడు. పై అంతస్తులో బొమ్మలు, శబ్దాలు, తెరలతో కూడిన మల్టీమీడియా ప్రదర్శన పిల్లలకు నచ్చుతుంది గానీ, కింది గదిని చూసిన తరువాత నాకు దాని అవసరం కనిపించలేదు. రెండింటిలో ఒక్కదానికే సమయం ఉంటే గాంధీ స్మృతినే ఎంచుకోమంటాను.

నెహ్రూ 1964 వరకు నివసించిన తీన్ మూర్తి భవన్ ఆవరణలో 2022లో ప్రారంభించిన ప్రధానమంత్రి సంగ్రహాలయానికి టికెట్టు ఉంది, దానికి సగం రోజైనా కావాలి. దాన్ని ఈ రెండింటితో ఒకే రోజున కలపడం అలసటే.

బసకు న్యూఢిల్లీ రైల్వే స్టేషను ఎదుటి పహాడ్‌గంజ్ చవక, ఎల్లో లైన్ మెట్రోలో మారకుండా లోక్ కల్యాణ్ మార్గ్ స్టేషనుకు చేరవచ్చు. కానీ సందుల్లోని హోటళ్లలో కిటికీలేని గదులు, రాత్రంతా హారన్ల మోత మామూలే కాబట్టి డబ్బు కట్టేముందు గదిని కళ్లారా చూసుకోవాలి. పెద్దవాళ్లు వెంట ఉంటే కరోల్‌బాగ్ నయం, రాజీవ్ చౌక్‌లో ఒకసారి మెట్రో మారవలసి వచ్చినా సరే. మధ్యాహ్న భోజనానికి అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్ దగ్గరే. పప్పు, పొడి, నెయ్యి పడితే సాయంత్రం దాకా మరో ఆలోచన ఉండదు, కాకపోతే ఆదివారాలు రద్దీ ఎక్కువ.

ఉదయం తలుపులు తెరిచే వేళకే ఇందిర ఇంటికి వెళ్లి, భోజనం తరువాత గాంధీ స్మృతికి రావడం అనుకూలం. ప్రధాని నివాసం సమీపంలోనే ఉన్నందున సఫ్దర్‌జంగ్ రోడ్డు పరిసరాల్లో పోలీసు కాపలా ఎక్కువ, ఆటోలను ఎక్కడ పడితే అక్కడ నిలపనివ్వరు. అందుచేత మెట్రో స్టేషను నుంచి నడవడమే తేలిక. పెద్ద సంచులు బసలోనే వదిలి వెళితే తనిఖీ దగ్గర ఆలస్యం ఉండదు.