ఢిల్లీ పొగ: పైనుంచి చూడాలా, ముక్కు దగ్గర కొలవాలా?

నవంబరు వచ్చిందంటే ఢిల్లీలో మా ఇంట్లో కాఫీ కంటే ముందు గాలి లెక్కలు చూస్తాం. అల్మరా మీద చిన్న సెన్సర్, ఫోన్‌లో గాలిని కొలిచే ప్రభుత్వ స్టేషన్ ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ), మా అబ్బాయి లాప్‌టాప్‌లో శాటిలైట్ మ్యాప్. మూడూ ఒక్క మాట మీద ఉండే రోజు తక్కువ. మరి దేన్ని నమ్మాలి?

సెన్సర్‌లో చిన్న ఫ్యాను గాలిని లాగుతుంది. అందులోని ధూళి మీద లేజర్ పడి చెదిరే కాంతిని బట్టి అంకె చూపిస్తుంది. వంటింట్లో పోపు పడితే 90 కాస్తా 400 అవుతుంది. అది అబద్ధమేం కాదు, ఆ పొగ మనం పీలుస్తున్నదే. కానీ బాల్కనీలో పెడితే పొగమంచు తుంపరల్నీ దుమ్ము కిందే లెక్కేస్తుంది.

స్టేషన్ మిషన్ ఆ పొరపాటు చేయదు. గాలిని వేడిచేసి తేమ తీసేస్తుంది, దుమ్మును టేపు మీద పట్టి, దాని గుండా బీటా కిరణాలు పంపి తూకం కడుతుంది. చిక్కల్లా ఏక్యూఐతోనే. పీఎం 2.5కి, అంటే గాలిలోని అతి సన్నటి ధూళికి, అది 24 గంటల సగటు, అంటే పొద్దున చూసే అంకెలో నిన్నటి గాలి కూడా ఉంటుంది. అందుకే నేను గంటవారీ పీఎం 2.5 చూస్తాను. మన దేశంలో దాని రోజు సగటుకు పరిమితి ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు.

ఇక శాటిలైట్. అది గాలిని పీల్చదు, నేల నుంచి పైదాకా ఉన్న మసక మొత్తాన్ని చూస్తుంది. మబ్బు పడితే ఏమీ కనపడదు. పొగ మరీ చిక్కబడితే దాన్నీ ఒక్కోసారి మబ్బే అనుకుంటుంది. మాస్కు పెట్టుకోవాలా వద్దా అన్నదానికి ఇది పనికిరాదు.

కానీ ఆ పొగ ఎక్కడిది? పంజాబ్, హర్యానా పొలాల్లో స్టేషన్లు ఎక్కడున్నాయి? అక్కడ శాటిలైటే దిక్కు. కొన్ని ఉపగ్రహాల మీద ఉండే విర్స్ అనే పరికరం 375 మీటర్ల గడిలో మంటను పట్టేస్తుంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఏటా సెప్టెంబరు 15 నుంచి నవంబరు 30 దాకా ఇలాంటి డేటాతోనే వరి కొయ్యకాళ్ల మంటలు లెక్కపెడుతుంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఆ ఉపగ్రహాలు పగటిపూట మన మీదుగా వెళ్లేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో. అవి దాటిపోయాక అంటించిన మంట లెక్కలోకి రాకుండా పోవచ్చు. 2024లో నాసా శాస్త్రవేత్త హిరేన్ జేత్వా పది నిమిషాలకోసారి ఫొటో తీసే కొరియా భూస్థిర ఉపగ్రహం (ఎప్పుడూ ఒకే చోటి మీద నిలిచి ఉండేది) చిత్రాలు చూసి, సాయంత్రంవైపు పొగ పెరుగుతోందని చెప్పారు. రైతును తిట్టి లాభం లేదు. భూగర్భ జలాల కోసం పంజాబ్‌లో 2009లో తెచ్చిన చట్టంతో నాట్లు జూన్‌కు వాయిదా పడ్డాయి, కోత ఆలస్యమైంది. గోధుమ విత్తడానికి మిగిలేది రెండు మూడు వారాలే, అందుకే పొలం త్వరగా ఖాళీ చేయడానికి నిప్పు పెడతారు.

కాబట్టి ‘మంటలు సగానికి తగ్గాయి’ అని ఎవరైనా మధ్యాహ్నపు లెక్క చూపిస్తే నేను నమ్మను. కాలిన పొలం కొన్నాళ్లు నల్లగానే ఉంటుంది, సెంటినెల్-2 అనే యూరప్ ఉపగ్రహం దాన్ని 10 మీటర్ల వివరంతో చూడగలదు. ఆ విస్తీర్ణం కూడా తగ్గితేనే తగ్గినట్టు.

ఇంట్లో మాత్రం స్టేషన్ గంట లెక్కదే రాజ్యం. 150 దాటితే మామగారి వాకింగ్ బంద్. మొన్న మా అబ్బాయి ఆయనకు మ్యాప్‌లో ఎర్రటి మసక చూపించి, “తాతయ్యా, ఇవాళ వెళ్లొద్దు” అన్నాడు. “అది పైన కదరా, నేను నడిచేది కింద” అని చెప్పులేసుకున్నారు.