నీలం లైటు చూసి యూవీ అనుకోకండి: విజయనగరం, శ్రీకాకుళం చేపల ట్యాంకుల వాళ్ళకి హెచ్చరిక

ట్యాంకుకి యూవీ స్టెరిలైజర్, అంటే పారే నీళ్ళలోని నాచునీ క్రిముల్నీ అతినీలలోహిత (యూవీ) కిరణాలతో చంపే దీపం, కొనాలనుకుంటున్నవాళ్ళు ఇది చదివాకే డబ్బు తీయండి. విజయనగరంలో అక్వేరియం సామాన్లు అమ్మే ఒక షాపులో 9 వాట్ల యూవీ అని చెప్పి పదహారు వందలకి అంటగట్టిన పెట్టెలో ఉన్నది మామూలు నీలం ఎల్‌ఈడీ. పెట్టె మీద యూవీ అని ఉంది, 9 వాట్లని ఉంది, చేప బొమ్మ ఉంది. అది ఏ రకం కిరణమో చెప్పే అంకె, అంటే కాంతి తరంగం పొడవు ఎన్ని నానోమీటర్లో మాత్రం ఎక్కడా లేదు. విప్పితే సన్నటి పట్టీ మీద ఎల్‌ఈడీ పూసలు, చుట్టూ ప్లాస్టిక్ గొట్టం. అంతే సరుకు.

వాపసు తీసుకెళ్తే కౌంటర్ దగ్గరాయన ఏం చేశాడో చెప్తాను. పెట్టె చేతికి తీసుకోకముందే "తడిసిన సరుకు ఎనక్కి తీసుకోం" అన్నాడు. ఆ తర్వాత లైటు గొట్టంలోంచి బయటికి లాగి, ప్లగ్గు పెట్టి, బెట్టా చేపలు చూస్తున్న ఇద్దరు చిన్నపిల్లల మొహాల ఎదురుగానే వెలిగించాడు. "ఏటండీ, ఎలుగుతోంది కదా! ఇంకేటి కావాలి మీకు?" నానోమీటర్లు ఎన్నని అడిగితే "అంత తెలిసినోళ్ళు మీరే తయారు చేసుకోండి" అని పక్క బేరంలోకి వెళ్ళిపోయాడు.

అది నిజమైన యూవీ దీపమని ఆయన నమ్మి ఉంటే, చిన్నపిల్లల కళ్ళ ముందు దాన్ని వెలిగించాడు. ఆ కిరణం కంటిపొరని కాల్చేస్తుంది. అప్పటికప్పుడు ఏమీ తెలియదు. కొన్ని గంటలు గడిచాక కళ్ళలో ఇసక పడ్డట్టు మంట, నీళ్ళు కారడం మొదలవుతుంది. ఒకవేళ అది యూవీ కాదని తెలిసే వెలిగించి ఉంటే, డబ్బు తీసుకున్నది దేనికి? రెండింట్లో ఏది నిజమైనా చేపల వాళ్ళకి సామాను అమ్మాల్సిన మనిషి చేసే పని కాదది.

యూవీలో క్రిముల్ని చంపే రకం యూవీ-సీ. పాదరసం ఆవిరి దీపమైతే అది 254 నానోమీటర్ల దగ్గర వస్తుంది, మన కంటికి కనిపించదు. దీపం లేత నీలంగా మెరవడం పాదరసమే ఇచ్చే మరో వెలుగు. అంటే నీలం కనిపించినంత మాత్రాన యూవీ-సీ ఉన్నట్టు కాదు. 395, 405 నానోమీటర్ల ఊదారంగు ఎల్‌ఈడీలు కూడా యూవీ పేరుతోనే అమ్ముతున్నారు. నీళ్ళు గొట్టంలో ఉండే కొద్ది సెకన్లలో అవి నాచునీ క్రిమినీ ఏమీ చేయలేవు. 265 నుంచి 280 మధ్య పనిచేసే యూవీ-సీ ఎల్‌ఈడీలు ఉన్నాయి, కాని వాటి ధర ఎక్కువ. ఆ అంకె ముద్రించి లేకపోతే కొనొద్దు.

షాపులో వెలిగించమనొద్దు. ఆపి ఉన్నప్పుడే చూడండి. అసలు దీపం గాజు పారదర్శకంగా ఉంటుంది, లోపల చివర్లలో సన్నటి తీగచుట్ట కనిపిస్తుంది. లోపల తెల్లపూత ఉంటే మామూలు ట్యూబు. గాజే నల్ల ఊదాగా ఉంటే దొంగనోట్లు చూసే లైటు. 9 వాట్ల దీపాలు ఎక్కువగా యూ ఆకారంలో వస్తాయి. రెండు పిన్నులదైతే జీ23, నాలుగు పిన్నులదైతే 2జీ7. రెండూ వాట్లలో ఒకటే అయినా ఒకదాని చోట ఇంకొకటి పట్టదు, చోకు కూడా వేరు. కొనేముందే మార్చుకునే దీపం ఎక్కడ దొరుకుతుందో అడగండి. దొరకదంటే ఏడాది తర్వాత ఆ పెట్టె దండగే.

ఇంకో మోసం గొట్టంలో జరుగుతుంది. దీపం మంచిదే పెట్టి, చుట్టూ క్వార్ట్జ్ (యూవీ-సీని దాటనిచ్చే ప్రత్యేకమైన గాజు) బదులు మామూలు గాజు గొట్టమో యాక్రిలిక్ గొట్టమో తొడుగుతారు. 254 నానోమీటర్ల కిరణం వాటిని దాటి నీళ్ళలోకి రాదు. దీపం వెలుగుతూనే ఉంటుంది, నీళ్ళు నాచుతో ఆకుపచ్చగానే ఉంటాయి. గొట్టం అంచుని వెలుగులో పక్కనుంచి చూడండి. ఆకుపచ్చ ఛాయ కనిపిస్తే మామూలు గాజే. కనిపించలేదని క్వార్ట్జ్ అనీ నమ్మొద్దు, బిల్లులో రాయించుకోండి. పగిలిన గొట్టం బదులు కొత్తది వేయించుకునేటప్పుడు ఈ పొరపాటు ఎక్కువ జరుగుతుంది.

సైజు విషయం. 3 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకులో 127 లీటర్లు పడతాయి. గులకరాళ్ళు పోను 110 అనుకోండి. దానికి 9 వాట్ల అసలు దీపం చాలు. పంపు మీద గంటకి 600 లీటర్లని రాసి ఉన్నా ఎత్తు, స్పాంజి, వంపులు కలిసి సగానికి పడిపోవచ్చు. బకెట్ పెట్టి కొలవండి. 5 లీటర్లు నిమిషంలో నిండితే గంటకి 300. నాచు పట్టిన పచ్చనీళ్ళకి ఆ వేగం బాగుంటుంది. చేపలకి తెల్లమచ్చల జబ్బు తెచ్చే క్రిమి కోసమైతే నీళ్ళు ఇంకా నెమ్మదిగా, సగం వేగంతో దీపం పక్కనుంచి వెళ్ళాలి. నీళ్ళు ముందు ఫిల్టర్లో, తర్వాత యూవీలో, అక్కడినుంచి ట్యాంకులోకి పోవాలి. మడ్డినీళ్ళలో కిరణం ముందుకి సాగదు. బెట్టాల కోసం బాదం ఆకులు వేసి ఎర్రబారిన నీళ్ళలోనూ అంతే.

"యూవీ పెడితే ఇంక మందులక్కర్లేదు" అన్నా నమ్మకండి. అది తనలోంచి పారిన నీళ్ళనే శుభ్రం చేస్తుంది. చేప ఒంటి మీది తెల్లమచ్చనీ, గులకరాళ్ళలో దాక్కునే దశలో ఉన్న ఆ క్రిమినీ, అద్దానికి పట్టిన నాచునీ, అమ్మోనియానీ అది తాకదు. పచ్చనీళ్ళు తేటపడేటప్పుడు చచ్చిన నాచు కుళ్ళి ఆక్సిజన్ తగ్గుతుంది. ఆ రోజుల్లో గాలిపంపు ఆపకుండా పావువంతు నీళ్ళు మార్చి స్పాంజి పిండండి. ట్యాంకులో మందు వేసేటప్పుడు యూవీ ఆపేయాలి, కొన్ని మందులు ఆ కిరణానికి విరిగిపోతాయి.

మన దగ్గర బోరునీళ్ళు వాడేవాళ్ళకి క్వార్ట్జ్ మీద తెల్ల సున్నం పొర పడుతుంది. నెలకోసారి ప్లగ్గు తీసి, గొట్టం విప్పి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో నానబెట్టి మెత్తటి గుడ్డతో తుడవండి. పీచు పెట్టి రుద్దితే గీతలు పడతాయి. బిగించేటప్పుడు రబ్బరు రింగు నలగకుండా చూసుకోండి, కారితే కరెంటు నీళ్ళలోకి దిగుతుంది. వైరు మీది నీటిబొట్లు ప్లగ్గులోకి పోకుండా వైరు ప్లగ్గు కంటే కిందకి ఒక వంపు వేలాడేలా వదలాలి, ఇంటి బోర్డుకి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) ఉండాలి. నీళ్ళు పారకుండా దీపం వెలిగించొద్దు. కవచం లేని దీపాన్ని నేరుగా ట్యాంకులో దింపే రకం అసలు కొనొద్దు, అది చేపల కళ్ళనీ మొక్కల్నీ కాలుస్తుంది. రోజంతా వెలిగే దీపాన్ని 8 నుంచి 9 వేల గంటలకి, అంటే ఇంచుమించు ఏడాదికి మార్చాలి. ఆ తర్వాత కూడా నీలంగానే వెలుగుతుంది, లోపల పస మాత్రం తగ్గిపోయి ఉంటుంది.

వాపసు తీసుకోం అన్న బోర్డుకి భయపడొద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోననడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు. అదే పెట్టె కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే పెట్టె, బిల్లు రెండూ దాచి ఉంచండి. కొత్తగా కొనేవాళ్ళు బిల్లు మీద "యూవీ-సీ, 254 నానోమీటర్లు, క్వార్ట్జ్ గొట్టం" అని రాయించుకోండి. రాయనంటే డబ్బు ఇవ్వకుండా వచ్చేయండి.