ఆరు వారాల టీచర్ ట్రైనింగ్ కోర్సు ఎలా ఉందంటే
టీచర్లకీ హెడ్‌మాస్టర్లకీ కలిపి పెట్టిన ఆన్‌లైన్ కోర్సు ఇది. మొదటి రెండు వారాలు స్లైడ్లు చదివి వినిపించడమే, విసుగొచ్చింది. మూడో వారం నుంచి అసలు పని మొదలైంది. ప్రశ్న అడిగాక కనీసం 3 సెకన్లు ఆగాలన్నారు (1970ల్లో మేరీ బడ్ రో పరిశోధనలో తేలిన విషయం), ఆపైన మన పాఠాన్ని మనమే వీడియో తీసుకుని చూడమన్నారు. చూస్తే నేను ఒక్క సెకను కూడా ఆగట్లేదు, జవాబు నేనే చెప్పేస్తున్నాను! మర్నాడు ఆగి చూశాను, ఎప్పుడూ నోరు విప్పని వెనక బెంచీ పాప మెల్లగా చెయ్యెత్తింది. ఆ ఒక్కదానికే ఫీజు గిట్టింది. మెంటర్ మన క్లాసు చూసి మాట్లాడేది మాత్రం ఒక్కసారే, అది చాలదు. హెడ్‌మాస్టర్లు కూడా తప్పక చేరండి, మీరు టైమ్‌టేబుల్‌లో ఒక పీరియడ్ ఖాళీ ఇస్తేనే మేం ఒకరి క్లాసు ఒకరం చూడగలం.