మందు కల్లు మాన్పించే సెంటర్: వైద్యానికి నాలుగు స్టార్లు, కౌన్సెలింగ్‌కు ఒకటి

సెంటర్ మహబూబ్‌నగర్‌లో ఉంది. తిట్టాల్సినవి కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయట్లేదు. మా తమ్ముణ్ని అక్కడ చేర్పించాం.

వాడికి అలవాటైంది చెట్టు కల్లు కాదు, మందు కల్లు. అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపి అమ్ముతారే, అది. సాయంత్రం సీసా పడకపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. కూలి దొరకని ఒకరోజు ఆ భయంతోనే పక్క చేను బోరు మోటారు కేబుల్ కోశాడు. పైన ప్లాస్టిక్ కాల్చేసి రాగి తీగను పాత ఇనుప సామాన్ల కొట్లో అమ్మాడు. రైతుకు వేలల్లో నష్టం, వీడి చేతికొచ్చింది ఆ పూట కల్లుకు సరిపడా డబ్బు. లాభం చూసుకునే దొంగ ఇలాంటి బేరం చేస్తాడా? పెద్దమనుషులు కూర్చుని కేబుల్ డబ్బు మాతో కట్టించారు. కేసు కాలేదు.

డాక్టర్ మాత్రం పనిమంతుడు. మత్తుమందు ఒక్కసారిగా ఆపలేదు, మాత్రలుగా ఇచ్చి డోసు మెల్లమెల్లగా తగ్గిస్తూ వచ్చారు. "మళ్లా మత్తు గోలీలేనా?" అని మా అమ్మ లొల్లి పెట్టుకుంది. "కల్లుల ఎంత కలిపిండో అమ్మినోనికే తెల్వదమ్మా, ఇక్కడ లెక్క ఉంటది" అంది నర్సు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరుకు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు పాలమూరు ఆసుపత్రులకు జనం ఎలా పరుగెత్తారో ఇక్కడివాళ్లకు గుర్తుండే ఉంటుంది.

కౌన్సెలింగ్ మాత్రం దండగ. అందర్నీ హాల్లో కూర్చోబెట్టి "కుటుంబాన్ని తలుచుకోండి" అని ఉపన్యాసం ఇస్తారు. కేబుల్ సంగతి ఎవరూ అడగలేదు. ఊళ్లో దొంగ అన్న పేరు పడ్డాక పని ఎవరిస్తారు? పని లేకపోతే సాయంత్రానికి కాళ్లు ఎటు నడుస్తాయి? మా టెన్షన్ అంతా అదే. డిశ్చార్జి చీటీలో దాని గురించి ఒక్క ముక్క లేదు, మళ్లీ ఎప్పుడు రావాలో కూడా నేనే అడిగి రాయించుకున్నాను. పప్పు నీళ్లలా ఉంటుంది, అది సర్దుకోవచ్చు.

చేర్పించే ముందు ఆ సెంటర్‌కు ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో కనుక్కోండి. మత్తుకు బానిసైనవాడు తనంతట తాను గుర్తింపు ఉన్నచోట చికిత్సకు వస్తే, వాడినందుకో కొద్దిపాటి సరుకు దొరికినందుకో పెట్టే కేసు నుంచి ఎన్డీపీఎస్ చట్టం (మత్తు పదార్థాల మీద ఉన్న కేంద్ర చట్టం) 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. దొంగతనం కేసుకు అది పనికిరాదు. దారి తెలియకపోతే మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, ఉచితమే. సెంటర్‌కు వెళ్లాక ఫీజు కంటే ముందు, మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లు ఉన్నారా అని అడగండి.